ముద్ర వేసినంత మాత్రాన

హక్కుభుక్తాల విషయంలో అపోలో జాతి మగ సీతాకోకచిలుకకు ఉన్నంత పట్టింపు మరెవరికీ లేదని, అందుకు ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కడం లేదని నేను చాలాకాలంగా విచారిస్తున్నాను. జతకట్టడం ముగిశాక ఆయన ఊరికే సెలవు పుచ్చుకోడు. తన గ్రంథుల్లో ఊరిన జిగురును ఆమె పొట్ట చివర అచ్చుపోస్తాడు, అది గట్టిపడి తొడుగులా అంటుకుపోయి, వెనక వచ్చే వరులకు దారి మూసేస్తుంది. శాస్త్రజ్ఞులు దీన్ని స్ఫ్రాగిస్ అంటారు. గ్రీకులో ఆ మాటకు ముద్ర అని అర్థం.

అంత గట్టిగా మూసేస్తే గుడ్లెలా బయటికొస్తాయి? జవాబు ఆయన తెలివిలో లేదు, ఆమె శరీర నిర్మాణంలో ఉంది. సీతాకోకచిలుకల్లో ఆడదానికి జతకట్టడానికి ఒక ద్వారం, దాని వెనక గుడ్లు పెట్టడానికి మరొకటి ఉంటాయి. లోపల సన్నని నాళం గుండా వీర్యం ఒక వైపు నుంచి రెండో వైపుకు చేరుతుంది. ముందు గుమ్మానికి బిరడా కొట్టిన ఈ పెద్దమనిషి, ఆమెకు దొడ్డిగుమ్మం ఉండబట్టే తండ్రి కాగలుగుతున్నాడు. ఈ సంగతి ఆయన ఎక్కడా చెప్పుకోడు.

ఇక లోపలి వ్యవహారం. సీతాకోకచిలుకల్లో మగవాడు వీర్యాన్ని పొర చుట్టిన పొట్లంగా సమర్పించుకుంటాడు; అది బర్సా అనే సంచిలోకి చేరుతుంది. క్యాబేజీ తెల్ల సీతాకోకచిలుకలో ఆ సంచి మాంసకృత్తులను అరిగించే ఎంజైములను స్రవిస్తుంది. అనేక జాతుల్లో దాని గోడకు పళ్లున్న గట్టి పలక కూడా ఉండి, చుట్టూ ఉన్న కండరాలు బిగిసినప్పుడల్లా పొట్లాన్ని చీలుస్తుంది. పొట్లం ఎంత త్వరగా ఖాళీ అయితే అంత త్వరగా ఆమె మనసు మరో వరుడి మీదికి మళ్లుతుంది. ఆ పలకను సిగ్నం అంటారు, లాటిన్‌లో గుర్తు అని అర్థం. ముద్ర ఆయనదే కావచ్చు గాని, కాగితం చింపే అధికారం ఆమె దగ్గరుందన్నమాట. ఆడది ఒక్కసారే జతకట్టే జాతుల్లో ఈ పళ్లు తరచూ లోపించడం చూస్తే, పని లేని చోట ఆయుధం మోసే అలవాటు కూడా ఆమెకు లేదనిపిస్తుంది.

జననాంగాల పరిణామంపై పరిశోధనలు మగవైపే మొగ్గుతున్నాయని 2014లో ఒక సమీక్ష తేల్చింది. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. ముద్ర పొట్ట కింద దారిన పోయేవాడికి కూడా కనబడుతుంది. పళ్లు కనబడాలంటే పొట్ట కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. ఆ సదుపాయం మగ సీతాకోకచిలుకకు లేదు గనకే, పని పూర్తయిందన్న నిశ్చింతతో ఎగిరిపోతున్నాడు.