పన్నెండేళ్ల దుమ్ముకు పట్టా ఇచ్చేద్దామా?

చెరువులు, కుంటలు, దేవుడి మాన్యాలు, ఆఖరికి శ్మశానాలు. కబ్జాకు గురైన స్థలాల గురించి మన పత్రికలు రాయనిది లేదు. కానీ తెలుగువారి హాల్లో ఓ మూల, పూలు కుట్టిన గుడ్డ కప్పుకుని కూర్చున్న డెస్క్‌టాప్ కంప్యూటర్ లోపల ఏళ్ల తరబడి సాగుతున్న ఆక్రమణ మీద మాత్రం ఎవరూ కలం ఎత్తలేదు. కొన్ననాడు ఇరుగుపొరుగును పిలిచి కొబ్బరికాయ కొట్టిన పెట్టె అది. ఆ తర్వాత దాని పక్క తలుపు తీసి చూసినవాడు లేడు. దుమ్ము మాత్రం లోపలికి వెళ్లింది, కుదురుకుంది, వంశాభివృద్ధి చేసుకుంది.

చట్టం సంగతి చూద్దాం. 1963 నాటి లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ప్రకారం, ఒకరి స్థిరాస్తిని ఇంకొకరు 12 ఏళ్లు బహిరంగంగా, యజమాని హక్కును లెక్కచేయకుండా అనుభవిస్తుంటే, ఆ యజమాని కిమ్మనకుండా కూర్చుంటే, ఆ తర్వాత ఖాళీ చేయమని దావా వేసే వీలు పోతుంది. కంప్యూటరు స్థిరాస్తి ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. కొన్ననాటి నుంచి పెట్టిన చోటి నుంచి అంగుళం కదలని వస్తువును ఇంకేమనాలి? ఇక 12 ఏళ్లంటారా, అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్నది. అబ్బాయికి ఇప్పుడు డాలస్‌లో ఇద్దరు పిల్లలు. దుమ్ము తరఫున ఒక్క వకీలు దొరికాడంటే మన పని అంతే.

లోపల నక్కి ఉన్నదాన్ని బహిరంగం అంటారా అని మనం వాదించవచ్చు గానీ, ఆ వాదన నిలవదు. ఎదురు సాక్ష్యం చెప్పడానికి ఫ్యాను ఉంది. కంప్యూటరుకు మెదడు లాంటి ప్రాసెసర్ మీద, దాని వేడిని లాగేసే హీట్‌సింక్ అనే లోహపు దిమ్మ ఉంటుంది. దాని రేకుల మధ్య గాలి ఆడకపోతే ప్రాసెసర్ వేడెక్కుతుంది, ఫ్యాను వేగం పెంచుతుంది, కరెంటు బిల్లు కట్టడానికి బ్రౌజరు తెరిచినా గుర్రుమంటుంది. అప్పటికీ చల్లబడకపోతే ప్రాసెసర్ తన వేగం తనే తగ్గించుకుంటుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు ఆ గీత 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అదీ దాటి వేడి పెరిగితే టపీమని ఆగిపోతుంది. ఇన్ని నోటీసులు అందుకున్నాక ఇంటిల్లిపాదీ సమావేశమై "వైరస్ పట్టింది" అని తీర్మానించి, యాంటీవైరస్‌కు డబ్బు కడతారు. కాబట్టి మాకు తెలియదు అంటే ఏ జడ్జీ నమ్మడు.

మనకు మిగిలింది ఒకటే దారి. దుమ్ము తనంతట తాను రాలేదు. ముందున్న ఫ్యాను గాలి పీలుస్తూ దాన్ని పనిగట్టుకుని లోపలికి పిలిచింది. యజమాని అనుమతితో వచ్చి ఉంటున్నవాడు ఎన్నేళ్లున్నా అంతమాత్రాన హక్కుదారు కాడు. అంటే ఖాళీ చేయించవచ్చు, పద్ధతి ప్రకారం.

ఏటా ఆయుధపూజ నాడు తనిఖీ జరుగుతూనే ఉంది కదా అనే వర్గం ఒకటుంది. జరుగుతోంది, కాదనలేం. తడిగుడ్డతో పైన తుడుస్తారు, పసుపు రాస్తారు, కుంకుమ బొట్లు పెడతారు, ఆన్ చేసే బొత్తం మీద బంతిపువ్వు నిలబెడతారు. ఆ తర్వాత సాంబ్రాణి పొగ తెచ్చి సరిగ్గా గాలి పీల్చే జాలీ ముందు తిప్పుతారు. పొగ లోపలికి పోతుంటే భక్తితో చూస్తారు. మన కార్యాలయాల్లో తనిఖీలు ఎలా జరుగుతాయో తెలిసినవారికి ఇందులో వింతేమీ కనబడదు.

సరే, పద్ధతి. ముందు కరెంటు. గోడ మీద స్విచ్చు నొక్కి "ఆపేశాను" అనుకునేవారికి టేబుల్ కింద నుంచి యూపీఎస్ కూతపెట్టి మరీ తాను బతికే ఉన్నానని చెబుతుంది. కేబినెట్ వెనక నుంచి తీగనే పీకాలి. పీకాక ఆన్ బొత్తాన్ని కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన కరెంటు పోతుంది. గోడ నుంచి వచ్చే కరెంటును కంప్యూటరుకు తగ్గట్టు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం నిషేధిత ప్రాంతం. దాని లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా ఉంటుంది, తీగ పీకాక కూడా కొంతసేపు నిలిచి ఉండవచ్చు. జాలీలోంచి గాలి కొట్టడంతో సరిపెట్టుకోవాలి. "నాలుగు స్క్రూలే కదా మామయ్యా" అంటూ విప్పబోయే మేనల్లుడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు. ఆ పూట వాణ్ని కొత్తిమీరకు బజారుకు పంపడం శ్రేయస్కరం.

తర్వాత మన ఒళ్లు. పాలిస్టర్ చొక్కాతో అటూ ఇటూ తిరిగితే ఒంట్లో స్థిర విద్యుత్తు చేరుతుంది. అది దాదాపు 3000 వోల్టులుంటే గానీ మన వేలికి చురుక్కుమనదు. చిప్పులకు అందులో ఎన్నో వంతు చాలు. కనక లోపల చెయ్యి పెట్టేముందు కేబినెట్ ఇనుప చట్రాన్ని, రంగు లేని చోట, ముట్టుకోవాలి. మధ్యమధ్యలో మళ్లీ ముట్టుకోవాలి. మడి కట్టుకున్న ఇళ్లలో పుట్టినవారికి ముట్టుకోవద్దనే చెప్పి పెంచారు గనక ఇది కాస్త కష్టమే.

బుల్డోజర్ల కూల్చివేతల మీద 2024 నవంబరులో సుప్రీంకోర్టు 15 రోజుల నోటీసు తప్పదంది. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, చెరువుల మీది అక్రమ కట్టడాలకు మాత్రం ఆ రక్షణ లేదంది. చీమలు, బల్లులు, బొద్దింకలు రాత్రింబవళ్లు రాకపోకలు సాగిస్తున్నందున మన కేబినెట్‌ను ప్రజా రహదారిగా ఎంచి, నోటీసు లేకుండానే పని మొదలుపెట్టవచ్చు. అయితే బుల్డోజరు వద్దు. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టం లోపల పెడితే స్థిర విద్యుత్తు పుట్టించడమే కాక, చిన్న చిన్న భాగాలను గుటుక్కున మింగుతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే బ్లోయర్ పనికొస్తుంది, కాస్త దూరం నుంచి కొడితే. ఫ్యాను రెక్కను మాత్రం వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే అది గిర్రున తిరుగుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, బేరింగు పాడవుతుంది. పైగా అలా తిరిగే ఫ్యాను తనే కరెంటు పుట్టించి బోర్డు మీదికి తోయగలదు.

డబ్బాలో అమ్మే గాలి సంగతి వేరు. అందులో ఉండేది గాలి కాదు, చాలావాటిలో డైఫ్లోరోఈథేన్ అనే ద్రవీకృత వాయువు. తలకిందులు చేస్తే గడ్డకట్టించే ద్రవం చిమ్ముతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. దేవుడి మందిరం పక్కనే కంప్యూటరు పెట్టుకున్నవారు దీపం కొండెక్కాకే మొదలుపెట్టాలి.

ఇక అసలు దుర్గం, ప్రాసెసర్ మీది హీట్‌సింక్. దాన్ని ఊడదీయకూడదు. తీస్తే కింద వేడిని దాటించే పేస్టు తుడిచి కొత్తది రాయాలి, అదో పెద్ద తద్దినం. పైనున్న ఫ్యాను ఒక్కటీ జాగ్రత్తగా విప్పితే చాలు. ఫ్యానుకూ రేకులకూ మధ్య బూడిదరంగు పొర దళసరిగా పరుచుకుని ఉంటుంది. ఒక అంచు పట్టుకుని లేపితే చిరగకుండా మొత్తం ఒకే చాపగా లేచి వస్తుంది. వెలుతురులో పెట్టి చూస్తే ఇంటి చరిత్రంతా అందులోనే: అమ్మ నెరిసిన వెంట్రుక, దుప్పటి నూలు, అగరొత్తి మసి, కుంకుమ రేణువులు, ఓ బొద్దింక కాలు, ఏ దసరాదో ఎండిన బంతి రేకు. మిగిలినదాన్ని రంగులు వేసే అంగుళం బ్రష్షు, కొత్తది, పొడిది, రేకుల వెంబడి పైనుంచి కిందికి నెమ్మదిగా లాగుతూ దులపాలి. ముక్కుకు మాస్కు ఉండాలి. కరోనా నాటివి ప్రతి ఇంట్లో గోడ మేకుకు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

ఇదంతా హాల్లో చేస్తే దుమ్ము సోఫాలోకి మారి, ఫ్యాను పిలిచినప్పుడు తిరిగి సొంతింటికి వస్తుంది. బాల్కనీలోనే చేయాలి. చేసేముందు కిందికి ఓసారి తొంగిచూడాలి. కింది పోర్షన్ పిన్నిగారు వడియాలు ఆరేసి ఉంటే ఆ రోజుకు స్టే వచ్చినట్టే. ఉల్లంఘిస్తే విచారణ మెట్ల మీదే జరుగుతుంది, వాయిదాలుండవు, అప్పీలు అసలే ఉండదు.