సొమ్ము మాది, సోకు మీది: ఎన్‌ఎఫ్‌ఎల్ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ అమెరికా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ గారికి, సేల్స్ ట్యాక్స్ కట్టి కట్టి అలిసిపోయిన ఒక సామాన్యుడు నమస్కరించి రాయునది. మీరు కుశలమే, టీవీలో రోజూ చూస్తూనే ఉన్నాం.

ముందుగా మీ నిస్వార్థ సేవ గురించి. 2015 దాకా మీ లీగ్ ఆఫీసు లాభాపేక్ష లేని సంస్థ. పన్ను మినహాయింపు చట్టంలో చాంబర్ ఆఫ్ కామర్స్‌లు, రియల్ ఎస్టేట్ బోర్డులు ఉన్న వరసలోనే 1966లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగులకీ ఒక కుర్చీ వేయించుకుని దర్జాగా కూర్చున్నారు. లాభాపేక్ష ఎంత లేదంటే 2012లో లీగ్ పెద్ద అయిన కమిషనర్‌గారికి ముట్టింది 4.4 కోట్ల డాలర్లు. (జట్లు మాత్రం తమ ఆదాయానికి పన్ను కడుతూనే వచ్చాయి, కాబట్టి ఖజానాకి పడ్డ బొక్క అనుకున్నంత పెద్దదేం కాదు.) చివరికి ఆ హోదా మాకొద్దని మీరే వదిలేస్తే అందరూ చప్పట్లు కొట్టారు. దాంతోపాటు కమిషనర్ జీతం ఏటా నలుగురికీ చూపించాల్సిన పీడా వదిలిందన్న సంగతి ఆ చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

ఇక మీ ఓనర్లు. జట్టు కొన్న ధరలో దాదాపు మొత్తాన్నీ 15 ఏళ్లపాటు తరుగుదల కింద చూపించుకునే వెసులుబాటు 2004 నుంచి ఉంది. పన్నుల కాగితాల మీద పాపం ఏటా కరిగిపోయే ఆస్తి, అమ్మకానికి పెడితే మాత్రం కొన్నదానికి ఎన్నో రెట్లు. ఈ మాయ మా జీతాలకి కూడా నేర్పించండి.

అసలు విషయం స్టేడియాలు. మీ ఓనరు ఒక్కసారి అలకపాన్పు ఎక్కాడంటే కొత్త అల్లుడు కూడా సిగ్గుపడాలి. గవర్నరు, మేయరు, కౌంటీ (మన జిల్లా లాంటిది) పెద్దలు చుట్టూ చేరి ఏం కావాలి నాయనా అని బతిమాలడమే, వాడు అటు తిరిగి పక్క ఊరి వైపు చూడటమే. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో ఊరు కొత్త స్టేడియంతో ఇలాగే అలక తీర్చింది. రాష్ట్రం 60 కోట్లు, కౌంటీ 25 కోట్లు, మొత్తం 85 కోట్ల డాలర్లు ప్రజల సొమ్ము.

సెయింట్ లూయిస్ లీజు చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. ప్రజల డబ్బుతో డోమ్ (పైకప్పున్న స్టేడియం) కట్టి 1995లో రామ్స్ జట్టుని తెచ్చుకున్నారు. పదేళ్లకోసారి ఆ డోమ్ లీగ్‌లోని స్టేడియాల్లో మొదటి పావు వంతులో నిలవాలి, లేదంటే లీజు తెంచుకుని వెళ్లిపోయే తాళం జట్టు చేతికి వచ్చేసినట్టే. ప్రతి ఊరూ ఇలాంటి కాగితం మీద సంతకం పెడితే క్లాసులో అందరికీ ఫస్ట్ ర్యాంక్ ఎలా వస్తుందో ఆ లాయర్లకే తెలియాలి. 2016లో జట్టు లాస్ ఏంజెలెస్ చెక్కేసింది, డోమ్ అప్పు ఊరికి మిగిలింది. కేసు వేస్తే 2021లో 79 కోట్ల డాలర్లిచ్చి రాజీపడ్డారు, సంతోషం. సియాటెల్‌కి ఆ పాటి ఓదార్పు కూడా లేదు. అక్కడ 1976లో తెరిచిన కింగ్‌డోమ్‌ని 2000 మార్చిలో పేల్చేస్తే 17 సెకన్లలోపే నేలమట్టమైంది, దాని మీద అప్పు తీరేసరికి 2015 వచ్చింది.

ఇందులో వాషింగ్టన్ పెద్దల తెలివికీ వాటా ఉంది. స్టేడియాల కోసం ఊళ్లు అప్పు తెచ్చుకునే పన్నులేని బాండ్లు ఆపాలని 1986లో ఒక రూలు పెట్టారు. బాండ్ల వడ్డీకి ఫెడరల్ పన్ను పడకూడదంటే, స్టేడియం రాబడితో ఆ అప్పులో 10 శాతానికి మించి తీర్చకూడదు, మిగతాది ఊరి జనమే మొయ్యాలి. ఇంత నష్టానికి ఏ ఊరు ఒప్పుకుంటుందిలే అనుకున్నారు. ఊళ్లన్నీ ఒప్పుకుని వరస కట్టాయి! ఆ వడ్డీ మీద పోయిన పన్ను మాత్రం ఆ స్టేడియం గుమ్మం జన్మలో తొక్కనివాడి నెత్తిన కూడా పడుతుంది.

ఉద్యోగాలొస్తాయి, వ్యాపారం పెరుగుతుంది అని మీ కన్సల్టెంట్లు రంగురంగుల రిపోర్టులు ఇస్తారు. ఆర్థికవేత్తలు మాత్రం ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నారు, అదే ఊళ్లో సినిమాకో హోటల్‌కో పోయే డబ్బే ఇటు మళ్లుతుంది, కొత్తగా ఒరిగేదేమీ లేదని. అయినా గవర్నర్లకి రిబ్బన్ కత్తిరించడం ఇష్టం, డ్రైనేజీ పైపుకి ఎవరూ రిబ్బన్ కట్టరు కదా.

మీ అసలు బలం ఆటలో లేదు, లెక్కలో ఉంది. 2002 నుంచి జట్లు 32, ఒక్కటీ పెరగదు. జట్టు కావాల్సిన ఊళ్లు మాత్రం ఎప్పుడూ అంతకంటే ఎక్కువే. లాస్ ఏంజెలెస్‌ని 1995 నుంచి రెండు దశాబ్దాలు ఖాళీగా ఎందుకు ఉంచారో ఇప్పుడు అర్థమైంది. అక్కడ జట్టు పెడితే వచ్చేదానికన్నా, అక్కడికి పోతాం అని బెదిరిస్తే వచ్చిందే ఎక్కువేమో. 2024 ఏప్రిల్‌లో మిస్సోరీలోని జాక్సన్ కౌంటీ జనం చీఫ్స్ (మీ జట్టే), రాయల్స్ (బేస్‌బాల్ జట్టు) స్టేడియాల సేల్స్ ట్యాక్స్‌ని ఓటేసి తిప్పికొడితే, జూన్‌కల్లా సరిహద్దు అవతలి కాన్సాస్ రాష్ట్రం, ఖర్చులో 70 శాతం దాకా బాండ్లతో భరిస్తాం రండి అని చట్టమే చేసింది.

కాబట్టి నా కోరికలు రెండే. ఒకటి, జట్టు అడిగిన ఊరికి సొంత డబ్బుతో స్టేడియం కట్టుకునే ఓనరు దొరికితే 33వ జట్టు ఇవ్వండి, 34వది కూడా. రెండు, గ్రీన్ బే జట్టులాగా జనమే వాటాదార్లుగా జట్టు నడుపుకుంటామంటే అడ్డుపడే ఆ రూలు తీసేయండి. గ్రీన్ బే ఒక్కటీ ఆ రూలుకి ముందే పుట్టి బతికిపోయింది, మళ్లీ ఇంకొకటి పుట్టకుండా చూసుకున్నారు. వీలు చూసుకుని జవాబు రాయండి, స్టాంపు ఖర్చు మా కౌంటీ ఖాతాలో రాసేసుకోండి.

ఇట్లు,
టికెట్ కొనకుండానే మీ ఆటకి డబ్బు కట్టిన ఒకడు