యెహోషువ కాలపు ఆ రోజును నాసా కనిపెట్టలేదు

ఏళ్ల తరబడి తిరుగుతున్న సందేశం ఒకటి మళ్లీ విశ్వాసుల ఫోన్లలోకి వస్తోంది. నాసా శాస్త్రజ్ఞులు గ్రహాల స్థానాలను వెనక్కి లెక్కకడుతుంటే కంప్యూటర్ ఆగిపోయిందట, ఒక రోజు తక్కువ వచ్చిందట. బైబిల్లోని ఇశ్రాయేలు నాయకుడు యెహోషువ ప్రార్థనకు సూర్యుడు నిలిచిన 23 గంటల 20 నిమిషాలకు, యూదా రాజు హిజ్కియా కాలంలో నీడ వెనక్కి నడిచిన 40 నిమిషాలు కలిపితే లెక్క సరిపోయిందట. బైబిల్‌ను దేవుని వాక్యంగా నమ్మేవాణ్ణి కాబట్టే ఇది చూస్తూ ఊరుకోలేకపోతున్నాను.

మొదట, కంప్యూటర్ ఆగిపోవడం. గ్రహాలు ఎక్కడున్నాయో, ఎలా కదులుతున్నాయో ఇటీవలి శతాబ్దాల పరిశీలనల నుంచి తీసుకుని, గురుత్వాకర్షణ సూత్రాలతో వెనక్కి లెక్కిస్తూ పోతారు. యెహోషువ నాటి సమాచారమేదీ అందులో ఉండదు. మరి ఒక రోజు తప్పిపోయిందని కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ తయారుచేసిన డీఈ431 అనే గ్రహస్థానాల పట్టిక క్రీ.పూ. 13,000 కంటే వెనక్కి వెళుతుంది, ఎక్కడా ఆగదు. అంతమాత్రాన యెహోషువ గ్రంథం అబద్ధమైపోదు. ఆ సంగతి ఈ లెక్కకు అందేది కాదు, అంతే.

తప్పిన సమయం తెలియాలంటే ఆనాడే చూసి రాసిపెట్టినవాళ్లు ఉండాలి. అలాంటి ఆధారం ఒకటి నిజంగానే ఉంది. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న సంపూర్ణ సూర్యగ్రహణం చూశామని బాబిలోను వాళ్లు మట్టిపలకల మీద రాశారు. భూమి ఎప్పుడూ ఇదే వేగంతో తిరిగిందనుకుంటే ఆ గ్రహణం బాబిలోనుకు చాలా పడమరన కనిపించి ఉండాలి. కాలంలో చెబితే ఆ తేడా సుమారు మూడుంబావు గంటలు. సముద్రపు ఆటుపోట్లు భూభ్రమణాన్ని కొద్దికొద్దిగా నెమ్మదింపజేయడమే దీనికి ముఖ్యకారణం. శతాబ్దాలుగా పోగైన తేడా ఇది, ఒక్కరోజులో వచ్చింది కాదు. పైగా ఆ పలకలు యెహోషువ కాలానికి వందల ఏళ్ల తర్వాతివి.

ఇక ఈ కథ నాసా కంటే పాతది. నాసా పుట్టింది 1958లో. చార్లెస్ టాటెన్ అనే అమెరికా సైనికాధికారి 1890లోనే యెహోషువ దినం మీద పుస్తకం వేసి ఇలాంటి లెక్కే చూపించాడు. 1936లో హ్యారీ రిమ్మర్ అనే అమెరికా క్రైస్తవ బోధకుడు దాన్ని మళ్లీ ప్రచారంలోకి తెచ్చాడు. 1960లలో హెరాల్డ్ హిల్ అనే వ్యాపారవేత్త చెబుతూ వచ్చిన కథలోనే నాసా, కంప్యూటర్ వచ్చి చేరాయి. అలాంటిదేమీ తమకు తెలియదని నాసా గొడార్డ్ కేంద్రం అప్పుడే చెప్పింది.

40 నిమిషాలంటారా? 2 రాజులు 20వ అధ్యాయంలో ఎండ గడియారం మీద నీడ పది మెట్లు వెనక్కి పోయిందని ఉంది. మెట్టుకు ఎంత సమయమో లేదు. ఆ మెట్లను డిగ్రీలుగా మార్చి, ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదిలే లెక్కన 40 నిమిషాలు రాబట్టారు. యెహోషువ 10:13లో ఉన్నది "ఇంచుమించు ఒక నాడెల్ల" అని మాత్రమే. 24 గంటల్లోంచి ఆ 40 నిమిషాలు తీసేసి మిగిలింది దానికి అంటగట్టారు. వాక్యంలో లేని నిమిషాలను వాక్యానికి అతికించడం నాకు బాధ కలిగిస్తోంది.

చివరికి, ఆ సందేశంతోపాటు వచ్చే "ఇది నమ్మనివాడికి విశ్వాసం లేదు" అన్న బెదిరింపు. విశ్వానికి ఒక ఆరంభం ఉందనీ, అప్పటి నుంచి విస్తరిస్తోందనీ చెప్పే బిగ్ బ్యాంగ్ ఆలోచనకు ఆద్యుడైన జార్జ్ లెమైత్ర్ కథోలిక గురువు (ఫాదర్). 1951లో పోపు పన్నెండవ పయస్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యమన్నట్టు మాట్లాడితే లెమైత్ర్‌కు నచ్చలేదు. ఆ సిద్ధాంతం మతపరమైన ప్రశ్నల జోలికి పోదన్నది ఆయన వాదన. విశ్వాసం లేక అన్న మాట కాదది. 1966లో కన్నుమూసేదాకా ఆయన గురువుగానే ఉన్నాడు.