ఒళ్ళు ఇంకా పాడైతే మందు పనిచేస్తున్నట్టేనా?

దీర్ఘకాలిక అలసట అనే జబ్బుకు మూలం మెదడులోని వాపు, అంటే ఇన్‌ఫ్లమేషనేననీ, దానిని మూడు నెలల్లో చల్లార్చే ‘ప్రయోగాత్మక’ సప్లిమెంట్లు తొమ్మిది ఉన్నాయనీ చెప్పే సందేశాన్ని నాకు పంపని మిత్రులు ఇక మిగిలినట్టు లేరు. పంపినవారిలో ఏళ్ళ తరబడి ఈ జబ్బుతో మంచం పట్టినవారూ ఉన్నారు. వారి ఆశను చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు గాని, అందులోని ఐదో అంశం చదివాక ఊరుకోబుద్ధి కాలేదు.

మొదటి అంశం: మెదడులో ఇన్‌ఫ్లమేషన్ ఉన్నట్టు స్కాన్లలో రుజువైందట. 2014లో జపాన్ పరిశోధకులు తొమ్మిదిమంది రోగులకూ పదిమంది ఆరోగ్యవంతులకూ ఒంట్లోకి ఒక గుర్తింపు రసాయనం ఎక్కించి పెట్ స్కాన్ తీసి, రోగుల మెదడులో మైక్రోగ్లియా అనే రక్షక కణాలు రెచ్చిపోయిన జాడలు ఎక్కువగా ఉన్నాయన్న మాట నిజమే. అయితే అదే రసాయనంతో నెదర్లాండ్స్‌లో మహిళా రోగులపై చేసి 2022లో ప్రచురించిన పరిశీలనలో ఆ జాడలు కనబడలేదు. వెతకవలసిన విషయమే, రుజువైన విషయం మాత్రం కాదు.

రెండో అంశం ప్రకారం పసుపులోని కర్‌క్యుమిన్ అనే పదార్థం నేరుగా మెదడుకు చేరి పనిచేస్తుంది. మింగిన కర్‌క్యుమిన్‌లో చాలా భాగం ఒంటికే పట్టదు. పట్టిన కాస్తనూ పేగులూ కాలేయమూ వెంటనే రూపు మార్చి బయటికి పంపేస్తాయి. గాజు పళ్ళెంలోని కణాల మీద పోసినప్పుడు వచ్చిన ఫలితాన్ని మనిషి తలకాయకు అంటగట్టడం కుదరదు. అందుకే అమ్మేవారు మిరియాలలోని పైపరిన్‌ను కలుపుతారు. అది రక్తంలో కర్‌క్యుమిన్‌ను బాగా పెంచుతుంది గాని, మందులను విరిచి పంపే ఎంజైములను అడ్డగించే పనిలో ఇతర మందులను మినహాయించదు. మీరు వేసుకునే మరో మాత్ర మోతాదు కూడా మీకు తెలియకుండానే రక్తంలో పెరగవచ్చు.

సహజమైనవి కాబట్టి హాని చేయవన్నది మూడో అంశం. గన్నేరు పప్పు కూడా సహజమే. మందుల కంపెనీలు ఈ రహస్యాన్ని తొక్కిపెట్టాయన్నది నాలుగోది. బహిరంగంగా ప్రకటనలిచ్చి అమ్ముతున్న సరుకులో రహస్యమేమిటో నాకు బోధపడలేదు.

ఇక ఐదో అంశం. మొదటి వారాల్లో వికారం, నీరసం, తిమ్మిర్లు పెరిగితే విషాలు బయటికి పోతున్నట్టేననీ, దీనినే హెర్క్స్‌హైమర్ ప్రతిచర్య అంటారనీ, మోతాదు తగ్గించక వీలైతే పెంచాలనీ అందులో ఉంది. ఆ ప్రతిచర్య నిజంగానే ఉంది. సిఫిలిస్ వంటి వ్యాధులలో యాంటీబయాటిక్ వేసి మెలిక తిరిగిన సూక్ష్మజీవులను చంపినప్పుడు కొన్ని గంటల్లో జ్వరం, వణుకు మొదలై సాధారణంగా ఒక రోజులో సద్దుమణుగుతాయి. పసుపు మాత్ర ఏ సూక్ష్మజీవిని చంపిందని మూడు వారాలపాటు ఈ తంతు సాగాలి?

ఆ జాబితాలోని డబ్బాలను వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ‘శక్తి’కి ఒకటి, ‘నరాల’కు ఒకటి, మెగ్నీషియంతో కలిపి ఇంకొకటి, మూడింటిలోనూ విటమిన్ బీ6 ఉంటుంది. పెద్దవారికి రోజుకు 12 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో హద్దు గీసింది. అధిక మోతాదులో చాలాకాలం తీసుకుంటే బీ6 నరాలనే దెబ్బతీస్తుంది; కాలివేళ్ళలో తిమ్మిరి, మొద్దుబారడం, నడకలో తూలు దాని గుర్తులు. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న పది కేసులను అమెరికా పరిశోధకులు ఒక నివేదికలో వివరించారు. వారిలో ఐదుగురు ఆసుపత్రిలో చేరగా ఒకరు మరణించారు. కాలేయం దెబ్బతింటున్నప్పుడు తొలుత కనిపించేవి నీరసం, వికారమే! మన సందేశకర్త దృష్టిలో అవి శుభశకునాలు. కళ్ళు పచ్చబడితే ఇంకెంత శుభమో ఆయన సెలవివ్వలేదు. బాగుపడితే మందు మహిమ, పాడైతే అంతకు మించిన మహిమ, ఏ మార్పూ లేకపోతే మీ ఓపిక తక్కువ: ఇలాంటి మందు ఓడిపోయే వీలెక్కడుంది?

కొంచెం ఓపిక రాగానే రోజూ వ్యాయామం పెంచుకుంటూ పొమ్మన్న ఆరో అంశమూ ప్రమాదకరమే. ఈ జబ్బులో శ్రమ ఫలితం తరచుగా 12 నుంచి 48 గంటల తరువాత విరుచుకుపడి రోజులు, వారాలు వేధిస్తుంది. అందుకే బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2021 మార్గదర్శకాలలో ఆ పద్ధతి వద్దంది. జబ్బు నయం చేస్తాయంటూ మందులు గాని సప్లిమెంట్లు గాని ఇవ్వరాదనీ చెప్పింది.

ఇంత చెప్పాక రెండు విషయాలు ఒప్పుకోవాలి. ఈ జబ్బు మీ ఊహ కాదనీ, చాలామంది వైద్యులు మిమ్మల్ని నమ్మలేదనీ సందేశం మొదట్లోనే ఉన్న మాట అక్షరాలా నిజం. ఆ ఒక్క వాక్యం వల్లనే మిగతాదంతా నమ్మించగలుగుతోంది. జాబితా చిట్టచివర, మొక్కుబడిగా చేర్చిన, కణాలలో శక్తి తయారీకి తోడ్పడే కోఎంజైమ్ క్యూ10, ఎన్‌ఏడీహెచ్ జంటకు మాత్రం కొంత ఆధారముంది: స్పెయిన్‌లో 207 మంది రోగులపై, ఉత్తుత్తి మాత్రతో పోల్చి 12 వారాలు జరిపిన పరీక్షలో ఆలోచనకు సంబంధించిన అలసట కొంత తగ్గినట్టు రోగులు చెప్పారు. అది నయం కావడం కాదు. అయినా వైద్యునికి చెప్పి ఎవరైనా ప్రయత్నిస్తామంటే నేను అడ్డుచెప్పను. ఒకదాని తరువాత ఒకటి మొదలుపెడితేనే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలుస్తుంది. ఈ సందేశం తొమ్మిదింటినీ మొదటిరోజే కలిపి మింగమంటోంది.