సవరణ: యూఆర్‌ఎల్‌తో రికార్డు అప్‌డేట్ చేయడం గురించి

యూఆర్‌ఎల్ చివర ప్రశ్నార్థకం పెట్టి ఐడీ, కొత్త విలువ ఇస్తే పీహెచ్‌పీ స్క్రిప్టు (సర్వర్‌లో నడిచే కోడ్) మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోని రికార్డును మారుస్తుందని కిందటి టపాలో రాశాను. పని చేస్తుంది, నిజమే. కానీ దాన్ని అలాగే లైవ్ సైట్‌లో పెట్టకండి.

ఆ లింకు గెట్ రిక్వెస్టుగా, అంటే బ్రౌజరు మామూలుగా పేజీని అడిగే పద్ధతిలో, వెళ్తుంది. హెచ్‌టీటీపీ ప్రమాణం ప్రకారం గెట్ ఉన్నది చదవడానికే. సెర్చింజన్ల బాట్లు, లింకుల్ని ముందే తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్లు ఆ నమ్మకంతోనే నడుస్తాయి. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ వచ్చినప్పుడు ఏమైందో చూడండి: పేజీలోని డిలీట్ లింకుల్ని కూడా అది ముందుగానే తెరిచేసింది. నొక్కకుండానే జనం డేటా పోయింది. లాగిన్ కూడా కాపాడలేదు, ఆ రిక్వెస్టులు వాళ్ల కుకీలతోనే (లాగిన్ అయ్యారని సైటుకు చెప్పే గుర్తులతోనే) వెళ్లాయి మరి.

మార్పులకు పోస్ట్ (సర్వర్‌కు డేటా పంపే రిక్వెస్టు) వాడండి, ఫారంలో సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ (రిక్వెస్టు మన ఫారం నుంచే వచ్చిందని తేల్చే రహస్య కోడ్) ఉంచండి. అన్నిటికన్నా ముఖ్యం, ఐడీని నేరుగా ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించొద్దు. అక్కడ ఎవరైనా "5 OR 1=1" అని ఇస్తే, ఏ వరుసలు మారాలో చెప్పే వేర్ (WHERE) షరతు ప్రతి వరుసకూ నిజమై టేబుల్ మొత్తం మారిపోతుంది. పీడీఓ (పీహెచ్‌పీలో డేటాబేస్‌తో మాట్లాడే సాధనం) ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు విలువను ఎస్‌క్యూఎల్ వాక్యంలో కలపకుండా విడిగా పంపుతాయి, వాటితో ఆ టెన్షన్ ఉండదు. ఆ రికార్డును మార్చే హక్కు లాగిన్ అయిన మనిషికి ఉందా లేదా అన్నది మాత్రం సర్వర్‌లో విడిగా చూసుకోవాల్సిందే.