థర్డ్ బెల్ ఎన్నింటికి?

బెంగళూరు తెలుగువాడి వినోదం గురువారం రాత్రి ప్రీమియర్‌తో మొదలై ఆదివారం సెకండ్ షోతో ముగుస్తుంది. ఆ తరువాత మళ్లీ గురువారం దాకా ఊళ్లో ఏం ఆడుతోందో మనలో చాలామందికి పట్టదు. బెంగళూరు విశ్వవిద్యాలయం వారి జ్ఞానభారతి, ఐఐఎస్సీ, సెంట్రల్ కాలేజీ మొదలుకొని ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల దాకా ఎక్కడ చూసినా మన పిల్లలే ఉన్న ఊరిది. వారం వారం 'నగరంలో ఈ వారం' పట్టిక కూర్చేటప్పుడు మాకు ఒకే దృశ్యం ఎదురవుతోంది. సినిమా గడి నిండా తెలుగు. నాటకం గడిలో కన్నడం, ఇంగ్లీషు, హిందీ, అప్పుడప్పుడు మలయాళం. తెలుగు నాటకం ఎప్పుడో గాని రాదు. వచ్చినా అది ఎన్నింటికి మొదలవుతుందో మేము రాయలేం, నిర్వాహకులు చెప్పలేరు. ఈ రెండో లోపమే మొదటిదానికి మూలమని మా అభిప్రాయం.

ముందు డబ్బు సంగతి. పెద్ద హీరో సినిమాకు మొదటి మూడు రోజులు ఇక్కడి మల్టీప్లెక్సుల్లో టికెట్ వెయ్యి దాటిన సందర్భాలున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో ధర పెంచాలంటే జీవో కావాలి. ఇక్కడ ఆ కళ్లెం నిలవలేదు. పన్ను కాక 200 రూపాయలే గరిష్ఠమని, 75 లేదా అంతకు తక్కువ సీట్లున్న ప్రీమియం తెరలకు మాత్రం మినహాయింపని 2025 సెప్టెంబరు 12న కర్ణాటక ప్రభుత్వం నిబంధన తెచ్చింది. 23వ తేదీకల్లా హైకోర్టు మధ్యంతర స్టే వచ్చింది. ఆ మధ్యలో, 22 నుంచి, జీఎస్టీ కొత్త లెక్క అమలైంది. వంద రూపాయల దాకా టికెట్‌కు 5 శాతం, వంద దాటితే 18 శాతం. అంటే 500 టికెట్ 590 అవుతుంది. యాప్ వాడి కన్వీనియన్స్ ఫీజు, దాని మీద పన్ను వేరే. నలుగురున్న కుటుంబానికి పాప్‌కార్న్ ముట్టకుండానే 2,360 పైచిలుకు. నాటకం టికెట్‌కు 500 దాటనంతవరకు జీఎస్టీయే లేదు. కౌంటరులో కొంటే ఫీజు కూడా ఉండదు.

సినిమాకు వెళ్లొద్దని మేమెందుకంటాం? సోమవారం దాకా ఆగితే అదే సీటు చవకవుతుంది, ఈలల్లో కొట్టుకుపోయే మాటలూ వినపడతాయి. బుక్ చేసేటప్పుడు భాష చూసుకోవాలి. ఒకే పేరుతో నాలుగు భాషల ఆటలు పక్కపక్కనే ఉంటాయి, తొందరలో హిందీ ఆటకు నొక్కేసి హాల్లో నాలుక కరుచుకునేవారు ప్రతి శుక్రవారం ఉంటారు. సీటు విషయంలో, తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో, నడిమధ్యన కూర్చోండి. హాలు శబ్దాన్ని సరిచూసే సాంకేతికులు మైకులు పెట్టేది ఇంచుమించు అక్కడే. 3డీ కోసం వెండిపూత తెర వేసిన హాళ్లలో ఇది మరీ ముఖ్యం. ఆ తెర వెలుగును మధ్య సీట్లకే ఎక్కువగా తిప్పికొడుతుంది, అంచున కూర్చున్నవారికి బొమ్మ మసకేస్తుంది. 2డీ బొమ్మకు తెర మీద 14 ఫుట్-లాంబర్ట్‌ల (తెర వెలుగును కొలిచే కొలత) వెలుగు ఉండాలన్నది ప్రమాణం. ప్రొజెక్టరు దీపం పాతబడ్డ హాల్లో ముందుగా చెడేవి రాత్రి సన్నివేశాలు. చీకట్లో నిలబడ్డ హీరో బురదలో నిలబడ్డట్టు కనిపిస్తే తప్పు కెమెరామన్‌ది కాకపోవచ్చు, ఇంటర్వెల్‌లో మేనేజరును అడగండి. వేరే రకం సినిమా కావాలంటే బనశంకరిలో 1971 నాటి సుచిత్ర ఫిల్మ్ సొసైటీ ఉంది. ఫిల్మ్ సొసైటీలు సెన్సారు కాని విదేశీ చిత్రాలను సభ్యులకే చూపాలి కాబట్టి ఆట రోజు వెళ్లి టికెట్ అడిగితే దొరకదు. ముందే సభ్యత్వం కట్టుకోవాలి.

ఇక నాటకం. జేపీ నగర్ రెండో ఫేజ్‌లోని రంగశంకర నాటకశాలను కన్నడ నటుడు శంకర్ నాగ్ జ్ఞాపకంగా ఆయన భార్య అరుంధతీ నాగ్ 2004లో నిలబెట్టారు. మూడొందల పైచిలుకు సీట్లు, సోమవారం సెలవు. మిగతా రోజుల్లో మామూలుగా ఆట రాత్రి 7.30కి, ఆదివారం మధ్యాహ్నం 3.30కి మరొకటి. థర్డ్ బెల్, అంటే ఆట మొదలయ్యే ముందు మోగే ఆఖరి గంట, కొట్టి తలుపు మూశాక ఎంతటివారినైనా లోపలికి రానివ్వరు. ఇది పొగరని తిట్టుకునేవారు, తలుపు మూశాక లోపల ఉండి ఒక్కసారి చూస్తే మళ్లీ ఆ మాట అనరు. వైట్‌ఫీల్డ్ నుంచి శుక్రవారం సాయంత్రం కారులో బయలుదేరితే రెండు గంటలు చేతిలో పెట్టుకోవాలి. ఎలక్ట్రానిక్ సిటీ వారికి 2025 ఆగస్టులో మొదలైన మెట్రో ఎల్లో లైన్ వరం. సిల్క్ బోర్డు కింది రద్దీ చూస్తూ పైనుంచి వచ్చి రాగిగుడ్డలో దిగి ఆటో ఎక్కితే చాలు. ఏడు గంటలకల్లా చేరితే కింద క్యాంటీన్‌లో సగ్గుబియ్యం వడ తినే తీరిక కూడా ఉంటుంది.

జేసీ రోడ్డులోని రవీంద్ర కళాక్షేత్ర టాగూర్ శతజయంతి గుర్తుగా కట్టి 1963లో తెరిచింది. వెనకే సంస బయలు రంగమందిరం, పక్కనే కన్నడ భవనంలో నయన సభాంగణం. సంసలో కూర్చోవాల్సింది సిమెంటు మెట్ల మీద. మడిచిన దుప్పటి ఒకటి, దోమల మందు రాసుకున్న కాళ్లు అవసరం. వాన వస్తే అంతే సంగతులు. జ్ఞానభారతి విద్యార్థులకు మల్లత్తహళ్లి కళాగ్రామం కూతవేటు దూరం. వైట్‌ఫీల్డ్‌లో జాగృతి నాటకశాల ఉంది, అక్కడ ఎక్కువగా ఇంగ్లీషు నాటకాలు.

కన్నడం అర్థం కాదన్న భయం చాలావరకు ఉత్తదే. బెంగళూరులో ఏడాది కూరగాయలు కొన్నవారికి నాటకంలో మొదటి పావుగంటే కష్టం. ఆ తరువాత చెవి అలవాటు పడుతుంది. కాకపోతే మొదటిసారే ఉత్తర కర్ణాటక యాసలో నడిచే హాస్యానికి వెళ్లకండి, అందరూ నవ్వుతుంటే మీరు పక్కవాళ్ల మొహం చూడాల్సి వస్తుంది. తెలిసిన కథతో మొదలుపెట్టండి. రాయలసీమ నుంచి వచ్చినవారైతే కళాక్షేత్రలో పల్లెటూరి సంఘాలు వేసే కురుక్షేత్రం చూడాలి. తుమకూరు, కోలారు వైపు నుంచి వచ్చే ఈ నటులు రైతులు, డ్రైవర్లు, స్కూలు టీచర్లు. పాత్రకు తామే డబ్బు కట్టి, నెలల తరబడి హార్మోనియం మేష్ట్రు దగ్గర పద్యాలు నేర్చుకుని వస్తారు. దుర్యోధనుడి పాత్ర ఖరీదెక్కువ. పద్యం చివర రాగం తీసి గద ఎత్తి నిలబడే తీరు చూస్తే మన చిత్తూరు జిల్లా డ్రామాలు గుర్తు రాకమానవు.

అన్నీ ఉన్న ఈ పట్టికలో తెలుగు నాటకం ఎందుకు లేదు? జనం రారన్నది నిర్వాహకులు అలవాటుగా చెప్పే కారణం. మేము చూసినంతలో జనం వస్తున్నారు, మధ్యలో లేచిపోతున్నారు. ఎందుకు లేచిపోతారో ఒక సాయంత్రాన్ని గడియారం పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. హాలు నాలుగింటి నుంచి తొమ్మిదిన్నర దాకా తీసుకుంటారు. ఆహ్వానపత్రంలో 'సాయంత్రం 5 గంటలకు నాటిక' అని ఉంటుంది. ముఖ్య అతిథి ఆరుంబావుకు వస్తారు. జ్యోతి ప్రజ్వలన, పిల్లల ప్రార్థనగీతం, ఇద్దరు చిన్నారుల కూచిపూడి, స్వాగతోపన్యాసం, ఆపైన సన్మానాలు. శాలువా, దండ, జ్ఞాపిక, ఫొటో, రెండు మాటలు కలిపి మనిషికి ఏడు నిమిషాలనుకున్నా పన్నెండు మందికి గంటన్నర దగ్గర. ఎనిమిది నలభైకి తెర లేస్తుంది. తొమ్మిదిన్నరకు హాలు వాచ్‌మన్ తాళాలు పట్టుకుని వేదిక పక్క వింగ్‌లో నిలబడతాడు. గంట నిడివి నాటికను నటులు వేదిక మీదే కత్తిరించుకుంటూ నలభై నిమిషాల్లో తోసేస్తారు. గుంటూరు నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన నాటక సమాజానికి మనం ఇచ్చే మర్యాద ఇది.

హాలు నాలుగింటికి చేతికొస్తే లైట్లు ఎప్పుడు కట్టాలి? ఏడున్నర ఆటకు మధ్యాహ్నం పన్నెండుకల్లా సెట్టు నిలబడాలి. లైట్లు కట్టి, ఏ దీపం ఎవరి మొహం మీద పడాలో గురి చూసుకోవడానికి మూడు నాలుగు గంటలు, ఆ తరువాత మాటలు వదిలేసి లైటు, శబ్దం మారే చోట్లు మాత్రమే ఒక్కొక్కటిగా చూసుకోవడానికి గంటన్నర. ఈ పని జరగనప్పుడు సభకు వేసిన తెల్లటి ఫ్లడ్ లైట్ల కిందే నాటిక నడుస్తుంది. రాత్రి సన్నివేశం పట్టపగలవుతుంది, చనిపోయినవాడు లేచి నడిచి వెళ్లడం అందరూ చూస్తారు.

మైకులది మరో గోల. పైనుంచి వేలాడే మైకులు నటుడి గొంతు కంటే ముందు ఫ్యాన్ల హోరును పట్టుకుంటాయి. వినపడటం లేదని వెనక వరుస అరిస్తే ఆపరేటరు శబ్దం పెంచుతాడు, వెంటనే కూత పెడుతుంది. కూతకు కారణం స్పీకరులోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులోకే దూరడం. స్పీకర్లను మైకుల వరుసకు ముందుకు, ప్రేక్షకుల వైపుకు జరిపితే సగం బాధ తీరుతుంది. కాలర్ మైకులు పౌరాణికాలకు పనికిరావు, కంఠహారాల గలగల తప్ప పద్యం వినపడదు. మూడొందల సీట్ల హాల్లో తర్ఫీదున్న నటుడికి మైకే అక్కర్లేదు. ఉపన్యాసాల కోసం వెయ్యి సీట్ల హాలు తీసుకోవడం, ఆ హాల్లోనే నాటకం వేయమనడం అసలు తప్పు. సురభి నాటక సమాజం వారిని పిలిస్తే జనం విరగబడతారనే వారున్నారు. నిజమే. కానీ 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన ఆ రంగస్థలం తెరలు, తీగలు, తంత్రాల మీద నిలబడ్డది. వారికి హాలు ముందురోజే ఇవ్వాలి, సభ పెట్టనే కూడదు.

కన్నడిగులను రప్పించే దారి కూడా ఉంది. వేదిక పైభాగాన కన్నడంలో మాటలు చూపించడం కష్టమేమీ కాదు. మాటకు మాట అనువదిస్తే ఎవరూ చదవలేరు. సంభాషణను సగానికి కుదించి, ఒక్కో పలకకు (స్లయిడుకు) రెండు వరుసలకు మించకుండా రాయాలి. పలకలు మార్చే మీట నొక్కే మనిషి కనీసం మూడు రిహార్సళ్లు చూసి ఉండాలి. లేదంటే నటుడు నోరు తెరవకముందే జోకు తెర మీద పేలిపోతుంది. నల్లటి నేల మీద తెల్ల అక్షరాలు వాడాలి. ప్రొజెక్టరు చూపే నలుపు నిజంగా నలుపు కాదు, బూడిదరంగు వెలుగు కారుతూనే ఉంటుంది. చీకటి సన్నివేశంలో కటకానికి అట్టముక్క అడ్డం పెట్టే మనిషి ఉండాలి. పక్క భాషవారికి మన నాటకం చూపడం కొత్త కూడా కాదు. 1891లో బళ్ళారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటక సమాజం మద్రాసు వెళ్లి తెలుగు నాటకాలాడితే, అవి చూసిన పమ్మల్ సంబంధ మొదలియార్ అదే ఏడాది సుగుణ విలాస సభ పెట్టి తమిళ నాటకానికి కొత్త దారి వేశారు. ఆ బళ్ళారి ఇప్పుడు కర్ణాటకలోనే ఉంది.

వచ్చే వారం నుంచి మా పట్టికలో తెలుగు కార్యక్రమాలకు రెండు వేళలు ఇస్తాం. మొదటిది సభ మొదలయ్యేది, రెండోది నాటకం తెర లేచేది. వివరాలు మంగళవారం సాయంత్రం 5 లోపు అందాలి. నిడివి ఎన్ని నిమిషాలో, హాలు ఎన్ని గంటల నుంచి నిర్వాహకుల చేతిలో ఉంటుందో కూడా రాయాలి. రెండో వేళ లేని ప్రకటనను నాటకం గడిలో వేయం. దానికి 'సభలు, సన్మానాలు' అనే గడి వేరే ఉంది.