పచ్చ చీటీకి పూచీ ఎవరిది?

విశాఖ జాలారిపేటలో ఊపిరిని బట్టి క్యాన్సర్ పట్టేస్తుందంటూ ఒక ఏఐ యంత్రంతో శిబిరం పెట్టారు. ఒక పెద్దావిడ చేత దాని గొట్టంలోకి ఊదించి, రెండు నిమిషాల్లో చీటీ చేతిలో పెట్టారు. పచ్చరంగులో ‘రిస్క్ తక్కువ’. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘ఇది వ్యాధి నిర్ధారణ కాదు’. ఆవిడకు చదువు రాదు, రంగు తెలుసు. ఏళ్ల తరబడి అడ్డపొగ తాగుతున్న మనిషి. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకునే ఈ అలవాటుతో అంగిలికి క్యాన్సర్ వస్తుందని వైద్యులు దశాబ్దాలుగా మొత్తుకుంటున్నారు. శిబిరంలో ఆవిడను నోరు తెరవమన్నవాళ్లే లేరు.

ఆ చీటీకి పూచీ ఎవరిది?

ఊపిరిలో, లాలాజలంలో, మూత్రంలో క్యాన్సర్ జాడ పట్టే బయోసెన్సర్ల పరిశోధన నిజమైనదే. సూదీ కోతా లేకుంటే జనం ముందుకొస్తారన్న మాటా సబబే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల మహిళల్లో నోటి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవారు దేశంలో 0.9 శాతమే. అంతమాత్రాన తేలని పరీక్షను పేటల మీదకు వదిలేస్తారా?

వెయ్యిమందిలో అయిదుగురికి క్యాన్సర్ ఉందనుకుందాం. జబ్బు లేనివాళ్లలో నూటికి 95 మందికి సరిగ్గా చెప్పే యంత్రం కూడా దాదాపు 50 మందికి లేని జబ్బు అంటగడుతుంది. వాళ్లంతా టెన్షన్‌తో పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్ ఓపీకో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో పరుగెత్తాలి. వాళ్లే నయం, ముక్క తీసి పరీక్షించే బయాప్సీతో నిజం తేలుతుంది. పచ్చ చీటీని బీరువాలో దాచుకున్నవాళ్ల మాటేమిటి? పుండు ముదిరాక ఎవరిని అడగాలి? యంత్రం అప్పటికి ఏ ఊళ్లో ఉంటుందో!

కొన్ని చుక్కల నెత్తురుతో అన్ని పరీక్షలూ చేస్తామన్న అమెరికా కంపెనీ థెరానోస్ అధినేత్రికి మోసం కేసులో 2022లో పదకొండేళ్లకు పైగా జైలుశిక్ష పడింది. మనకూ 2017 నాటి వైద్య పరికరాల నియమాలున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి సాఫ్ట్‌వేర్ కూడా వాటి కిందికి వచ్చింది. రిబ్బన్ కత్తిరించిన పెద్దల్లో ఒక్కరైనా లైసెన్స్ చూపించమన్నారా? ఏఐ అనగానే చప్పట్లే! ఎవరి నమూనాలతో దానికి నేర్పారు? అడ్డపొగ తాగే మనిషి ఊపిరి దానికెప్పుడైనా తగిలిందా? ఇది అడగని పెద్దలకు ఆ చీటీ మీద పూచీ లేదా?

ఫొటోలు దిగడం అయిపోయింది కాబట్టి అధికారులు ఆ పేటకు మళ్లీ వెళ్లాలి. ఈసారి గొట్టం వద్దు, ఒక డెంటిస్టునూ ఒక టార్చిలైటునూ తీసుకెళ్లండి.